డబ్బెవరిదో చెప్పమంటున్నారు! పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. బ్యాంకువాళ్లు కొత్త కాగితాలు అడుగుతున్నారని ఒకరు, ఆడిటరు గారు ఇదివరకు చేసిపెట్టిన పని ఇప్పుడు చేయనంటున్నారని ఇంకొకరు, బంగారం కొట్లో ఆధార్ జిరాక్సు ఇమ్మన్నారని మరొకరు. అన్నిటి వెనకా ఉన్నది ఒకటే చట్టం, 2002 నాటి మనీ లాండరింగ్ (నేరపు డబ్బును తెల్లబరచడం) నిరోధక చట్టం. 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది. చట్టం పాతదే. దాని కింద లెక్కలు రాసి రిపోర్టులు పంపాల్సినవాళ్ల జాబితాయే 2020 చివర్లో కొంత, 2023లో చాలా పెరిగింది. 2023లోనే ఎందుకంటే, ఆ నవంబరులో ఎఫ్‌ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ బృందం నేరపు డబ్బును అరికట్టే మన ఏర్పాట్లు చూడటానికి వచ్చింది. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకుంటాం కదా, ఆ ఏడాది ఢిల్లీలో జరిగిందదే. సర్దుడు హడావిడిగా జరిగినా అవసరమైనదేనని నా అభిప్రాయం.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. చివరి కొన్నేళ్లూ అనుమానపు లావాదేవీల జాబితాలే చూశాను. అందుకని ఈ సంచిక మొత్తం ఈ ఉత్తరాలకే. నామినీ, వీలునామా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను సీఏ పూర్తిచేసి తెనాలిలో ఈమధ్యే ఆఫీసు పెట్టుకున్నాను. అమెరికాలో ఉంటున్న ఒక క్లయింటు ఇక్కడి ఇల్లు అమ్మిపెట్టమంటున్నారు. జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) నా పేర రాసిస్తారట. కొన్నవాళ్లు ఇచ్చే డబ్బు నా ఖాతాలో వేయించుకుని, ఆయనకున్న అప్పులు తీర్చి, మిగిలింది పంపమంటున్నారు. మా సీనియరేమో ‘మనకెందుకొచ్చిన తంటా, ఈడీ కేసవుతుంది’ అని భయపెడుతున్నారు. నేనీ పని చేయవచ్చా?
ఒక యువ సీఏ, తెనాలి

జవాబు: బాబూ, మీ సీనియర్ భయం కాస్త ఎక్కువే, కానీ ఆయన చెయ్యి పెట్టింది సరైన చోటే.

2023 మే 3న కేంద్ర ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లు తమ క్లయింటు తరఫున కొన్ని రకాల ఆర్థిక లావాదేవీలు జరిపితే ఈ చట్టం కింద బ్యాంకుల్లాగే ‘రిపోర్టింగ్ సంస్థ’ అవుతారన్నది దాని సారాంశం. ఆ పనులు ఐదు. స్థిరాస్తి కొనడం, అమ్మడం. క్లయింటు డబ్బు, షేర్లు, ఇతర ఆస్తులు చూసుకోవడం. అతని బ్యాంకు ఖాతాలు, షేర్ల ఖాతాలు నడపడం. కంపెనీ పెట్టడానికో నడపడానికో పెట్టుబడి సమకూర్చడం. కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, ట్రస్టు లాంటివి పెట్టడం, నడపడం, వ్యాపారాన్ని కొనడం, అమ్మడం.

ఇందులో ఆడిట్ లేదు, రిటర్ను దాఖలు లేదు, పన్ను సలహా లేదు. క్లయింటు తరఫున మీ చెయ్యి డబ్బు మీదో ఆస్తి మీదో పడిందా లేదా అన్నదే గీటు. సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం వేరు, మీ ఖాతాలోంచి మూటలు కదిలించడం వేరు. మీరడిగిన పనిలో ఆస్తి అమ్మకం ఉంది, క్లయింటు డబ్బు మీ చేతిలో ఉండటమూ ఉంది. ఐదింటిలో రెండు ఒక్క దెబ్బకు వచ్చాయి.

వస్తే ఏమవుతుంది? నేరమైపోదు, బాధ్యత మీద పడుతుంది. క్లయింటు ఎవరో, డబ్బు అసలు హక్కుదారు ఎవరో పత్రాలతో రుజువు చేసుకోవాలి. ఆయన ఆర్థిక స్థితి ఏమిటో, డబ్బు ఎక్కడిదో, ఈ లావాదేవీ ఎందుకు చేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. లావాదేవీ రికార్డులు ఐదేళ్లు, గుర్తింపు పత్రాలు మీ ఇద్దరి మధ్య పని ముగిశాక ఇంకో ఐదేళ్లు దాచాలి. నిర్ణీత రకం లావాదేవీలనూ, అనుమానం కలిగించిన వాటినీ మీ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకాల ప్రకారం ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ (ఎఫ్‌ఐయూ)కు తెలియజేయాలి. ఎఫ్‌ఐయూ అంటే ఈడీ కాదు. 2004లో పెట్టిన వేరే సంస్థ. దాని పని సమాచారం తీసుకుని, జల్లెడ పట్టి, అవసరమైనవాళ్లకు పంపడం. ఈ బాధ్యతలు తప్పితే ఒక్కో తప్పుకు కనీసం 10 వేలు, గరిష్ఠంగా లక్ష రూపాయల జరిమానా. మూడేళ్ల నుంచి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష అని పేపర్లో చదువుతుంటామే, అది నేరపు డబ్బని తెలిసీ దాన్ని తెల్లబరచడంలో చెయ్యి కలిపినవాళ్లకు. మీ సీనియర్ ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఇక చేయవచ్చా అన్న ప్రశ్న. నేనైతే డబ్బు నా ఖాతాలోకి రానివ్వను. ఎన్నారై ఇల్లు అమ్మిన సొమ్ము నేరుగా ఆయన ఎన్‌ఆర్‌వో ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి రాబడి కోసం మన బ్యాంకులో తెరిచే ఖాతా) పడటమే పద్ధతి. అప్పులు ఆ ఖాతాలోంచే తీర్చవచ్చు. పన్ను కట్టాక బయటికి పంపదలచుకుంటే ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా వీలుంది. దానికి కావలసిన సర్టిఫికెట్ మీరివ్వండి, ఫీజు తీసుకోండి, అది మీ వృత్తి. కొనేవాళ్లకు ఒక మాట కూడా చెవిన వేయండి: అమ్మేది ఎన్నారై అయితే వాళ్లు మినహాయించాల్సిన టీడీఎస్ మామూలు 1 శాతం కాదు. అదెంతో తేల్చకుండా రిజిస్ట్రేషన్‌కు వెళితే తర్వాత పట్టుకునేది మీ చొక్కానే.

జీపీఏ కూడా ఆయన బంధువుల్లో ఎవరికైనా ఇమ్మనండి. ‘నమ్మకం మీ మీదే ఉంది’ అంటారు. అంటే మాత్రం! ఆ నమ్మకానికి ఆయన పాస్‌పోర్టు కాపీ, ఇల్లు ఎలా వచ్చిందో చెప్పే దస్తావేజు, అప్పుల కాగితాలు జత చేయమనండి. నిజమైన క్లయింటు వారంలో పంపుతాడు. వంకలు పెట్టేవాణ్ని వదులుకుంటే మీకు పోయేదేమీ లేదు.

వకీళ్లకు ఈ నోటిఫికేషన్ వర్తించదేమని మీలాంటివాళ్లు ఇంకో ఇద్దరు అడిగారు. అందులో వాళ్ల పేరు లేదు, అంతే. ఎందుకు లేదన్న అక్కసు నాకూ కొంచెం ఉంది. అదే ఇంటి అమ్మకం ఒక వకీలు చేసిపెడితే ఈ ఫైలేమీ ఉండదు మరి.

ప్రశ్న: అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లాలో రెండుసార్లు సర్పంచుగా చేశాను. డీమ్యాట్ (షేర్ల ఖాతా) ఫారంలో ‘రాజకీయ ప్రాముఖ్యం గల వ్యక్తివా’ అని అడిగారు. అవునని టిక్కు పెట్టనా?
మాజీ సర్పంచ్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ప్రెసిడెంటు గారూ, మీ ఊళ్లో మీ ప్రాముఖ్యాన్ని కాదనే సాహసం నేను చేయను. కానీ 2023 మార్చి 7న నిబంధనల్లో చేర్చిన నిర్వచనం ప్రకారం ఈ మాట విదేశీ ప్రభుత్వం తరఫున పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు: దేశాధినేతలు, సీనియర్ రాజకీయ నాయకులు, జడ్జీలు, సైన్యాధికారులు, అక్కడి ప్రభుత్వ కంపెనీల పెద్దలు, పార్టీల ముఖ్యులు. మన సర్పంచులే కాదు, మన ఎమ్మెల్యేలు కూడా ఇందులోకి రారు. కాబట్టి ‘కాదు’ దగ్గర టిక్కు పెట్టండి. ఆ సంస్థ తన జాగ్రత్త కోసం మన దేశపు పదవుల గురించి విడిగా అడిగితే అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో బంగారం కొట్టు. పెళ్లి నగలకు వచ్చినవాళ్లు పది, పన్నెండు లక్షల కొనుగోలు చేస్తారు. 10 లక్షల్లోపు నగదు తీసుకుంటే ఇబ్బంది లేదని పక్క కొట్టాయన అంటున్నాడు. నిజమేనా?
నగల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: మీ పక్క కొట్టాయన మాట విని 9 లక్షలు నగదు తీసుకున్నారనుకోండి, ఆదాయపు పన్ను శాఖ మీకు వేసే జరిమానా కూడా 9 లక్షలే. అందుకే ఈ జవాబు కాస్త నిదానంగా చదవండి.

ఇక్కడ రెండు చట్టాలున్నాయి, రెండు అంకెలున్నాయి. మొదటిది ఆదాయపు పన్ను చట్టం. 2017 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు, అంతకు పైన నగదు తీసుకోవడానికి వీల్లేదు. ఒక్కరోజులో ఒక్కరి దగ్గర లెక్కేసినా, ఒక్క బిల్లుకు లెక్కేసినా, ఒక సందర్భానికి లెక్కేసినా అంతే. ఈ మూడోదే పెళ్లిళ్ల సీజన్లో మెడకు చుట్టుకుంటుంది. సోమవారం తాళిబొట్టు గొలుసు, బుధవారం వడ్డాణం, శుక్రవారం గాజులు అని మూడు బిల్లులు చేసినా పెళ్లి ఒకటే కదా! తీసుకున్నవాడికి, అంటే మీకు, తీసుకున్నంత సొమ్మూ జరిమానా.

రెండోది మనం మాట్లాడుకుంటున్న చట్టం. 2020 డిసెంబరు 28 నోటిఫికేషన్ ప్రకారం, ఒక కొనుగోలుదారుతో 10 లక్షలు, అంతకు మించి నగదు లావాదేవీ చేసిన బంగారం, వజ్రాల వ్యాపారి రిపోర్టింగ్ సంస్థ అవుతాడు. ఒకేసారి చేసినా, ఒకదానికొకటి ముడిపడినట్టు కనిపించే ముక్కలుగా చేసినా లెక్క ఒకటే. అంటే 10 లక్షలన్నది దాటితే రిపోర్టులు మొదలయ్యే గీత. అంతదాకా నగదు తీసుకోమని ఎవరూ అనుమతి ఇవ్వలేదు. మీ ఊళ్లో చాలామంది దీన్ని అనుమతి అనుకుంటున్నారని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

2 లక్షల నిబంధన సరిగ్గా పాటించే కొట్టుకు ఈ 10 లక్షల బాధ ఎప్పుడూ రాదు. 2024 సెప్టెంబరులో బయటికొచ్చిన ఎఫ్‌ఏటీఎఫ్ నివేదిక మన దేశానికి మొత్తం మీద మంచి మార్కులే వేసింది, కానీ బంగారం వ్యాపారంలో ఈ నగదు పరిమితి అమలు మీద వేలు పెట్టి చూపించింది. అమ్మకాలు ఎక్కువగా ఉన్న ఊళ్ల మీద చూపు పడుతుందని వేరే చెప్పాలా?

పిల్ల మేనమామ పేర ఒక బిల్లు, పెదనాన్న పేర ఒక బిల్లు చేయమని అడిగితే ఏం చేయాలని ఉత్తరం చివర రాశారు. మేనమామ నిజంగా తన డబ్బుతో కొంటుంటే తప్పులేదు, పాన్ తీసుకోండి, బిల్లు రాయండి. ఒకే సంచిలోంచి నోట్లు తీసి నాలుగు పేర్లు చెబుతుంటే మాత్రం, ఆర్టీజీఎస్ చేయమని మర్యాదగా చెప్పండి. బేరం పోతుందంటారా? కొన్ని పోతాయి.

ప్రశ్న: మిర్యాలగూడలో మా ఎనిమిదిమంది భాగస్వాముల రైస్ మిల్లు ఉంది. పదేళ్లుగా అదే బ్యాంకు, అదే ఖాతా. ఇప్పుడు 12 శాతం వాటా ఉన్న మా బావమరిది ఆధార్, పాన్, ఫొటో అడుగుతున్నారు. ఆయన మిల్లు గడప కూడా తొక్కడు. ఇదివరకు ఎప్పుడూ అడగలేదు. మమ్మల్ని ఎందుకు అనుమానిస్తున్నారు?
మేనేజింగ్ పార్ట్‌నర్, మిర్యాలగూడ

జవాబు: మిమ్మల్ని ఎవరూ అనుమానించడం లేదు. గీత కిందికి జరిగింది, మీ బావమరిది దాని పైన పడ్డారు.

ఖాతా ఎవరి పేర ఉన్నా, దాని వెనక ఉన్న అసలు మనుషులెవరో బ్యాంకు తెలుసుకోవాలన్నది మొదటినుంచీ ఉన్న నిబంధనే. ఎంత వాటా ఉంటే ‘అసలు మనిషి’ అన్నదే మారింది. కంపెనీల్లో ఇదివరకు 25 శాతం దాటినవాళ్లనే చూసేవారు. 2023 మార్చిలో దాన్ని 10 శాతం చేశారు. ట్రస్టుల్లో 15 ఉండేది, అదీ అప్పుడే 10 అయింది. మీలాంటి భాగస్వామ్య సంస్థలకు 15 నుంచి 10కి దించింది అదే ఏడాది సెప్టెంబరులో. కాబట్టి 12 శాతం వాటాదారు మొన్నటిదాకా బ్యాంకు కంటికి కనిపించలేదు, ఇప్పుడు కనిపిస్తున్నాడు. ఆయన మిల్లుకు వస్తాడా రాడా అన్నదానితో పనిలేదు. నిజానికి గడప తొక్కని వాటాదారులను కనిపెట్టడానికే ఈ నిబంధన పుట్టింది.

వాటా నేరుగా ఉండాలని కూడా లేదు. మీ మిల్లులో 30 శాతం ఒక కంపెనీ పేర ఉండి, ఆ కంపెనీలో ఒకాయనకు 40 శాతం ఉందనుకోండి. గుణిస్తే ఆయనకు మీ మిల్లులో 12 శాతం. ఆయన కాగితాలూ అడుగుతారు. ఎవరికీ 10 శాతం దాటకపోతే, సంస్థను నడిపే పెద్ద ఎవరో వారినే అసలు మనిషిగా రాసుకుంటారు.

భాగస్వామ్య ఒప్పందం పాతదైతే అసలు చిక్కు అక్కడుంటుంది. కాగితం మీద ఒక వాటా, లాభాలు పంచుకునేది ఇంకో వాటా అయిన మిల్లులు నేను చాలా చూశాను. తండ్రి పోతే కొడుకు కూర్చుంటాడు, దస్తావేజులో తండ్రి పేరే ఉంటుంది. మీ దగ్గర అలాంటిదేమైనా ఉంటే ముందు దస్తావేజు మార్పించి, అప్పుడు బ్యాంకుకు ఇవ్వండి. కొనుగోళ్ల సీజన్ మధ్యలో ఖాతా ఆగితే ధాన్యం తెచ్చిన రైతుకు మీరేం చెబుతారు?

ప్రశ్న: మేడమ్, మేం కూకట్‌పల్లిలో సొంతింట్లో ఉంటాం. మా వారి స్నేహితుడొకాయన కంపెనీలు పెట్టించే పని చేస్తుంటారు. మా ఇంటి అడ్రసు ఒక కంపెనీ ఆఫీసు అడ్రసుగా వాడుకుంటాం, నన్ను డైరెక్టరుగా కూడా పెడతాం, నెలకు 8 వేలు ఇస్తాం అంటున్నారు. నేను చేయాల్సిన పనేమీ లేదట, సంతకాలు పెడితే చాలట. పిల్లల ఫీజులకు పనికొస్తాయని ఆశగా ఉంది.
గృహిణి, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. ముందు ఈ మాట చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను.

పనేమీ లేని ఉద్యోగానికి నెలకు 8 వేలు ఎవరూ ఇవ్వరు. ఇస్తున్నారంటే వాళ్లు కొంటున్నది మీ పేరు, మీ గుమ్మం. వాటి వెనక వాళ్లు కనిపించకుండా ఉంటారు.

2023 మే 9న వచ్చిన నోటిఫికేషన్ సరిగ్గా మీ స్నేహితుడి వ్యాపారం గురించే. ఇతరుల కోసం, వ్యాపారంగా, కంపెనీలను పుట్టించి ఇచ్చేవాళ్లు, డైరెక్టరుగానో సెక్రటరీగానో కూర్చునేవాళ్లు లేదా వేరేవాళ్లను కూర్చోబెట్టేవాళ్లు, రిజిస్టర్డ్ ఆఫీసుకు అడ్రసు సమకూర్చేవాళ్లు, ట్రస్టీలుగా ఉండేవాళ్లు, వేరొకరి తరఫున తమ పేర షేర్లు పెట్టుకునేవాళ్లు, వీళ్లందరూ ఇప్పుడు ఈ చట్టం కింద లెక్కలు చెప్పాల్సినవాళ్లే. కొన్ని మినహాయింపులున్నాయి. టీడీఎస్ కోసే మామూలు అద్దె ఒప్పందం ఇందులోకి రాదు. యజమాని తరఫున ఉద్యోగి చేసే పని రాదు. కంపెనీ పెట్టేటప్పుడు చట్టప్రకారం ఇవ్వాల్సిన డిక్లరేషన్‌పై సీఏనో వకీలో సంతకం పెట్టి దాఖలు చేయడం వరకు రాదు.

మీ స్నేహితుణ్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘మీరు ఎఫ్‌ఐయూ దగ్గర నమోదయ్యారా?’ అని. జవాబుకు బదులు నవ్వొస్తే మీకు విషయం అర్థమవుతుంది.

ఒక్కసారి పేరిచ్చినంత మాత్రాన మీరు రిపోర్టింగ్ సంస్థ అయిపోరు, నోటిఫికేషన్ వ్యాపారంగా చేసేవాళ్ల గురించి. మీకు వచ్చే ప్రమాదం వేరు దారిలో వస్తుంది. కంపెనీ రికార్డుల్లో డైరెక్టర్ మీరు. వరసగా మూడేళ్లు వార్షిక లెక్కలు దాఖలు కాకపోతే ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా పనికిరారు. అదొక చిన్న నష్టం అనుకుందాం. ఆ కంపెనీ ఖాతాలోకి ఏ ఆన్‌లైన్ మోసం డబ్బో వచ్చి గంటలో వెళ్లిపోతే, పోలీసులు మొదట వెతికేది ఖాతా తెరిచే కాగితాల మీద సంతకం పెట్టినవాళ్లనే. కంపెనీల రిజిస్ట్రారుకు అనుమానం వస్తే అడ్రసు చూడటానికి మనిషి రావచ్చు. అప్పుడు మీ ఇంట్లో ఆ కంపెనీ బోర్డూ ఉండదు, మనిషీ ఉండడు. ‘నాకేమీ తెలియదండీ’ అన్న మాట నిజమే కావచ్చు. నెలనెలా అందుకున్న 8 వేలు ఆ మాట పక్కన బాగుండవు.

నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఖాతాల కాగితాలు చూస్తే ఎక్కువగా కనిపించినవాళ్లు డ్రైవర్లు, వంటమనుషులు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు. అసలువాళ్ల ఫొటో ఒక్క ఫైల్లోనూ ఉండేది కాదు. 10 శాతం గీత, అడ్రసు ఇచ్చేవాళ్ల మీద బాధ్యత, ఈ మార్పులన్నిటిలో నాకు బాగా నచ్చినవి ఇవి. కాగితాల బరువు పెరిగిందని తిట్టుకునేవాళ్లతో నేను చాలా విషయాల్లో ఏకీభవిస్తాను, ఈ ఒక్కదాంట్లో మాత్రం కాదు.

మీ వారికి మొహమాటంగా ఉంటే, ఈ పత్రిక ఆయన చేతికివ్వండి. స్నేహితుడికి కూడా చూపించమనండి.

ప్రశ్న: షాద్‌నగర్ వైపు ప్లాట్ల మధ్యవర్తిగా ఉన్నాను. ఏడాదికి 20 లక్షలు దాటితే రిపోర్టులు పంపాలంటున్నారు. ఒక్క ప్లాటే 30 లక్షలుంటుంది. మరి మేమంతా ఇందులోకి వచ్చినట్టేనా?
రియల్ ఎస్టేట్ ఏజెంటు

జవాబు: 20 లక్షలన్నది మీ టర్నోవరు. ప్లాటు ధర మీది కాదు, మీ కమీషనే మీది. ఏడాది కమీషన్లు 20 లక్షలు, ఆపైన ఉంటే మీరు 2020 డిసెంబరు నుంచే జాబితాలో ఉన్నట్టు. మీ మీద పర్యవేక్షణ పరోక్ష పన్నుల బోర్డుది. అంటే జీఎస్టీ వాళ్ల దగ్గర మీ టర్నోవరు ఎలాగూ ఉంది, దాచి లాభం లేదు. ఆ లోపు అయితే ఈ రిపోర్టుల పని లేదు, రెరా నమోదు సంగతి వేరే.

దీనికన్నా రోజూ ఎదురయ్యేది బయానా. భూమి, ఇల్లు బేరాల్లో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా. ‘ముందు 5 లక్షలు చేతిలో పెట్టండి, బేరం ఖాయం’ అనే అలవాటు మీరే మాన్పించాలి.

ప్రశ్న: ఖమ్మంలో మాదొక చిన్న సొసైటీ. పేద పిల్లలకు పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇస్తుంటాం. అన్నీ కలిపి ఏడాదికి మూడు, నాలుగు లక్షలు. బ్యాంకువాళ్లు నీతి ఆయోగ్ పోర్టల్‌లో నమోదు కావాలంటున్నారు. మాకు ప్రభుత్వ నిధులేమీ వద్దు, మరెందుకు?
సొసైటీ కార్యదర్శి, విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, వాళ్లు చెప్పిన నీతి ఆయోగ్ పోర్టల్ పేరు దర్పణ్. అది మొదట ప్రభుత్వ గ్రాంట్లు అడిగే సంస్థల కోసమే అన్న పేరు పడిపోయింది కాబట్టి మీ అనుమానం సహజం. 2023 మార్చి సవరణతో సంగతి మారింది. ధార్మిక, సేవా పనుల కోసం ట్రస్టుగా, సొసైటీగా, లేదా కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద రిజిస్టరైన సంస్థ ఏదైనా తమ ఖాతాదారుగా ఉంటే, దాని వివరాలు దర్పణ్‌లో ఉండేలా చూడటం బ్యాంకు బాధ్యత. మీకు గ్రాంటు కావాలా వద్దా అన్నదానితో సంబంధం లేదు. మీరు చిన్నవాళ్లన్నదానితోనూ లేదు. ఇది కొంచెం మొరటు నిబంధనే అంటాను. మూడు లక్షల సొసైటీకీ, మూడు కోట్ల ట్రస్టుకూ ఒకే కొలత పెట్టారు.

పని మాత్రం కష్టం కాదు, ఖర్చూ లేదు. సొసైటీ పేర పాన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. ఎక్కడ ఆగుతుందో చెబుతాను: పాన్ కార్డు మీద సొసైటీ పేరు ఒక రకంగా, రిజిస్ట్రేషన్‌లో ఇంకో రకంగా ఉంటుంది. ‘సేవా సమితి’ ఒకచోట, ‘సేవా సంఘం’ ఒకచోట. ముందు అది సరిచేయించండి. చనిపోయిన కోశాధికారి పేరు ఇంకా కార్యవర్గంలో ఉంటే, కొత్త జాబితాను సొసైటీల రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేసి, ఆ కాపీ తీసుకోండి.

మీ వీధి వినాయక చవితి కమిటీ గురించి కూడా అడిగారు. రిజిస్ట్రేషన్ లేని కమిటీ ఈ నిర్వచనంలోకి రాదు, కాబట్టి దర్పణ్ బెడద లేదు. ఆ చందాలు ఎవరో ఒకరి సొంత ఖాతాలో వేసుకోవడం మాత్రం మానండి. అది చట్టం కోసం కాదు, ఊళ్లో మీ పరువు కోసం.

ప్రశ్న: క్రిప్టో కొనాలంటే ఏ యాప్ సురక్షితం?
ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: యాప్ పేరు నేను చెప్పను, అసలు కొనమనీ చెప్పను. కొనేదే ఖాయమైతే ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన సంస్థేనా అని చూసుకో. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలు కూడా ఈ చట్టం కిందే ఉన్నాయి, విదేశీవైనా మనవాళ్లకు సేవలిస్తే నమోదు కావాలి. కానందుకు ఆ డిసెంబరులో తొమ్మిది విదేశీ సంస్థలకు నోటీసులిచ్చారు. వాటిలో బినాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా వేశారు. నమోదైందంటే నీ డబ్బు పోదని హామీ ఇచ్చినట్టు కాదు నాయనా. ధర పడితే ఎఫ్‌ఐయూ వచ్చి ఆదుకోదు.

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారిని. గత నెల బ్యాంకు నుంచి ఫోన్ చేసి ఫలానా వారంలో అంత నగదు ఎందుకు తీశారని అడిగారు. రైతులకిచ్చానని చెప్పాను. బిల్లులు పంపమన్నారు. నా మీద పైకి రిపోర్టు పంపారా అని మేనేజర్ని అడిగితే మాట దాటేశారు. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చా?
కమీషన్ వ్యాపారి, గుంటూరు

జవాబు: అడగవచ్చు, జవాబు రాదు. ఎఫ్‌ఐయూ ఆ చట్టం రెండో షెడ్యూల్లో ఉంది, మినహాయింపు ఉన్న సంస్థ. మేనేజర్ మాట దాటేయడం కూడా మర్యాద తక్కువై కాదు. అనుమానాస్పద లావాదేవీ మీద రిపోర్టు పంపినా, పంపకపోయినా, ఆ విషయం ఖాతాదారుకు చెప్పకూడదని నిబంధన. చెబితే ఆయన ఉద్యోగానికి ముప్పు.

మీకు రెండు రిపోర్టుల తేడా తెలియాలి. నెలలో 10 లక్షలు దాటిన నగదు లావాదేవీ జాబితా తర్వాతి నెల 15లోపు తనంతట తానే ఎఫ్‌ఐయూకు వెళ్లిపోతుంది. మీలాంటివాళ్లది ప్రతి సీజన్లోనూ వెళుతూనే ఉండి ఉంటుంది. అందులో అనుమానం అన్న మాటే లేదు, అది లెక్క మాత్రమే. రెండోది అనుమానపు రిపోర్టు. అది కంప్యూటర్ పంపదు. కంప్యూటర్ ఒక హెచ్చరిక ఇస్తుంది, మనిషి కూర్చుని చూసి, నమ్మదగిన కారణం దొరికిందా లేదా అని తేలుస్తాడు. మీకు వచ్చిన ఫోన్ ఆ చూడటంలో భాగం కావచ్చు.

ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మిర్చి వ్యాపారుల ఖాతాలన్నీ తెర మీద ఎర్రగా వెలిగేవి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో కూర్చున్న కుర్రాడికి అదొక భయంకరమైన నగదు ప్రవాహం. యార్డు సంగతి తెలిసినవాళ్లకు అది మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతున్న కాలం. అలాంటప్పుడు పక్కన ఒక పట్టీ (అమ్మకపు లెక్క చీటీ) కాపీ ఉంటే ఐదు నిమిషాల్లో మూసేసేవాళ్లం. లేకపోతే మంచి వ్యాపారని తెలిసి కూడా ఏమని రాయాలో తోచేది కాదు. మూసేయడానికి కూడా కారణం రాయాలి, దాన్ని తర్వాత ఇంకొకరు తనిఖీ చేస్తారు.

అందుకని రిపోర్టు వెళ్లిందా లేదా అన్న ఆలోచన పక్కనపెట్టి, అడిగిన వారానికి సంబంధించిన యార్డు పట్టీలు, రైతుల సంతకాలున్న చెల్లింపు రసీదులు, మార్కెట్ ఫీజు కట్టిన కాగితాలు వరసగా పెట్టి ఒక కవరింగ్ లెటర్‌తో ఇవ్వండి. బ్రాంచిలో ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మేనేజర్లు మారుతుంటారు, వచ్చే సీజన్లో ఇదే ప్రశ్న కొత్త మనిషి అడుగుతాడు.